నా ఈలకు వదిలిన పట్టు

నా ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. ముందే ఎందుకు చెబుతున్నానంటే, కొత్తగా పరిచయమైనవాళ్ళు నా మాట వినడం మానేసి ఆ చేతివైపే చూస్తూ కూర్చుంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. పందొమ్మిదేళ్ళ కిందట పోర్టులో ఓడ తాడు పట్టుకుని ఉండగా అది ఒక్కసారిగా బిగిసింది. వదిలెయ్యాలి. నేను వదల్లేదు. వయసు మీదున్నాను, చేతిలో పట్టు జారితే నలుగురిలో పరువు పోతుందనుకున్నాను. తాడుకీ ఇనుప దిమ్మకీ మధ్య ఉంగరపు వేలూ, చిటికెన వేలూ నలిగిపోయాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

మా గ్యాంగు పని చెప్పుకోవడానికి చిన్నదే. ఓడ బెర్తుకు చేరినప్పుడు పైనుంచి వచ్చే తాళ్ళు అందుకుని ఒడ్డునున్న దిమ్మలకు తగిలించాలి, వెళ్ళేటప్పుడు విప్పాలి. ఇప్పుడు ఆ పన్నెండు మందికీ నేనే మేస్త్రీని. నా దగ్గర చేరినవాడికి మొదట నేర్పేది తాడు పట్టడం కాదు, వదలడం. కుడిచేతి వేళ్ళు రెండు నోట్లో పెట్టి ఈల వేస్తాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అది వినపడిందంటే చేతిలో ఏముందో చూడకూడదు, ఎందుకని అడగకూడదు. వదిలేసి రెండంగలు వెనక్కి, ఒక అంగ పక్కకి వెయ్యాలి. తెగిన తాడు తిన్నగా వెనక్కే కొడుతుంది, అందుకని ఆ పక్క అడుగు. రోజూ పని మొదలుపెట్టే ముందు పదిసార్లు ఈల వేసి వదిలిస్తాను. చిరాకుపడేవాళ్ళకు నా చెయ్యి చూపిస్తాను, నోరు మూసుకుంటారు.

ఆ పన్నెండు మందిలో ఒకడు నా బావమరిది. వాళ్ళది భీమిలి. అయిదో తరగతి నుంచీ తండ్రితో పాటు ఒడ్డున నిలబడి వల లాగినవాడు. ఇరవయ్యో ఏట నేనే తీసుకొచ్చి పనిలో పెట్టాను. మల్కాపురంలో మా ఇంట్లోనే ఉంటాడు. ఇప్పుడు ఇరవయ్యారు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. ఉన్నట్టుండి వీడు సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఒక రోజు చెవి వాచిపోయి వచ్చాడు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక షెడ్డులో ఎంఎంఏ అనే కొట్లాట ఆట నేర్పుతున్నారనీ, అక్కడికెళ్తున్నాడనీ తేలింది.

నా భార్య నామీద పడింది. "నీ దగ్గిర పని సేసీవోడు నీకు సెప్పకుండా కొట్లాటలకెల్తన్నాడంతే, నువ్వేటి మేస్త్రీవి మావా? ఆడి సేతికేటైనా అయ్యిందా, నీకు ఈ ఇంట్లో కూడు లేదు."

కూడు కోసం వెళ్ళాననే చెప్పాలి. వాడి చెవి మెలిపెట్టి లాక్కొద్దామని వెళ్ళాను. నాకు కొట్లాట తెలియదనుకోకండి. కుర్రతనంలో రెండేళ్ళు బాక్సింగ్ చేశాను. కొట్లాటంటే ఎదురుగా నిలబడి గుద్దుకోవడం, అంతే. ఈ కౌగిలించుకుని కింద దొర్లడం నాకు నవ్వులాటగా ఉండేది.

షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపులు పరిచి ఉన్నాయి. కోచ్ మా ఊరి పాతబస్తీ మనిషే. పరుపులు, బొంతలు కుట్టే దుకాణం వాళ్ళది. వాళ్ళ తాత అక్కడి తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో, కుస్తీ నేర్పేవాడట. ఈ పరుపులు కూడా కోచ్ తన చేత్తో కుట్టుకున్నవే. "చెప్పులు బయట, భాయ్" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా. విప్పి లోపలికెళ్ళి తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఒకే పరుపు మీద ఇన్ని రకాల కొట్లాటలుంటాయని నాకెవరూ చెప్పలేదు. స్కూల్లో కరాటే నేర్పే ఒక అమ్మాయి పక్కకు తిరిగి నిలబడింది. భుజం కదలదు, కన్ను కదలదు, పాదం మాత్రం ఎక్కడినుంచో వచ్చి అవతలివాడి డొక్క దగ్గర ఆగుతుంది. విజయనగరం వైపు పల్లెలో కర్రసాము నేర్చిన మనిషొకడున్నాడు. వాడి చేతిలో కర్ర లేదు, అయినా కర్ర పొడుగు దూరంలోనే తిరుగుతున్నాడు, ఎవర్నీ ఆ గీత దాటి రానివ్వడు. ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగు చేసే ఒకడు నా మాదిరి బాక్సింగే, గడ్డం దించుకుని నిప్పురవ్వల నుంచి మొహం కాచుకుంటున్నట్టు నిలబడ్డాడు. కోచ్ అయితే నడుం వంచి, మెడ పొట్టిగా చేసుకుని, నేలను వాసన చూస్తున్నట్టు వస్తాడు. ఒకడికి దూరం కావాలి, ఒకడికి దగ్గర కావాలి, ఒకడికి నేలే కావాలి. ఆట మాత్రం ఒక్కటే. గుద్దొచ్చు, తన్నొచ్చు, పడెయ్యొచ్చు, మెడ బిగించొచ్చు. అవతలివాడు ఓడిపోయానని చేత్తో తట్టాడా, ఆపెయ్యాలి.

అప్పుడు మావాడు దిగాడు. ఎదురుగా వెల్డింగు అతను. మావాడు రెండు గుద్దులు తిని, మూడోదాని కింద దూరి వాడి నడుం పట్టుకున్నాడు. ఓర్నాయనో! వాడు కొట్లాడటం లేదు, వల లాగుతున్నాడు. మడమలు ఇసకలో దిగేసినట్టు దిగేశాడు. చేతులతో లాగడు, నడుంతో లాగుతాడు. ఒక చెయ్యి వదిలి పైకి, ఇంకో చెయ్యి వదిలి పైకి, జానెడు జానెడే, తొందర లేదు. చూస్తుండగానే ఆ మనిషి వీడి ఒళ్ళోకి వచ్చేశాడు. వెనక చేరి మెడకు చెయ్యి చుట్టాడు. అతను గబగబా పరుపు మీద తట్టాడు.

ఆరేళ్ళు నా కళ్ళ ముందే తాళ్ళు లాగినవాడు. నేను చూసింది పని, అంతే. ఆ పనిలో ఇంత ఉందని నాకు తోచలేదు.

కోచ్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "నాను ఈడికి నేర్పింది ఏటీ లేదు భాయ్. మెడ ఎక్కడుంతాదో సూపించాను, అంతే. మిగిలిందంతా సముద్రం కాడ నేర్సుకొచ్చినాడు."

చెవి మెలిపెట్టే సంగతి మర్చిపోయాను. ఇంటికొచ్చి భార్యకు అరగంట చెప్పాను, చేతులూపుకుంటూ, కాళ్ళు దిగేసి చూపిస్తూ. ఆవిడ విని, "తీసుకొత్తావని పంపితే నువ్వు కూడా తగులుకున్నావు" అంది.

తర్వాత రెండు నెలలకు వాడి మొదటి పోటీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, కంచరపాలెంలోనే ఒక ఫంక్షన్ హాల్లో. ముందు రోజు పెళ్ళి జరిగినట్టుంది, వేదిక మీద బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి ముందు ఇనుప గొట్టాలు వెల్డు చేసి, తీగల జాలీ బిగించి ఒక పంజరం కట్టారు. అవతలివాడు గాజువాక బాక్సరు, చెయ్యి చురుకు. మొదటి రౌండంతా మావాడి మొహం పచ్చడి చేశాడు. రెండో రౌండులో మావాడు దొరకబుచ్చుకున్నాడు. జానెడు, జానెడు. ఇద్దరూ మోకాళ్ళ మీదున్నారు, మావాడు వెనక, చెయ్యి మెడ చుట్టూ. బాక్సరు మొహం కందిపోయింది. తట్టడానికి చెయ్యి లేచింది కూడా.

హాలంతా కేకలు, ఈలలు. నేను కుర్చీ ఎక్కాను. నా చెయ్యి నోట్లోకి ఎప్పుడెళ్ళిందో నాకు తెలియదు. ఆనందం పట్టలేక ఊదాను. నా నోటికి వచ్చిన ఈల ఒక్కటే కదా. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

మావాడు వదిలేశాడు.

మెడ వదిలేసి, లేచి, రెండంగలు వెనక్కి, ఒక అంగ పక్కకి వేసి, తాడు ఎటునుంచి వస్తుందా అని తలెత్తి చూశాడు. హాల్లో అన్ని ఈలల్లో వాడికి నాదొక్కటే వినపడింది. బాక్సరు దగ్గుకుంటూ లేచి, ఇటు తిరిగి, గడ్డం మీద ఒక్కటి ఇచ్చాడు. పడి, ఓడిపోయి కూడా మావాడు నా వైపే చూస్తున్నాడు.

ఆటోలో ఇంటికొస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిట్టరా అన్నాను. వాడు దవడ మీద ఐసు ముక్క ఆనించుకుని, "నువ్వు ఊదినావ్, నాను ఒగ్గేసాను. ఇందులో తిట్టడానికేటుంది బావా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎవడో తీసిన వీడియో రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకీ పాకింది. టీ కొట్టు దగ్గర ఒకడు కావాలని అదే ఈల వేశాడు. మావాడి చేతిలో గాజు గ్లాసు నేల మీద పడి పగిలింది, వాడు రెండంగలు వెనక్కి, ఒకటి పక్కకి. అందరూ ఒకటే నవ్వు. నేను ఆ ఈల వేసినవాడి కాలరు పట్టుకున్నాను, మావాడే విడిపించాడు. సరదా అక్కడితో ఆగితే సరే. మూడు నెలల్లో ఇంకో పోటీ ఉంది. అందులో గెలిస్తేనే రాష్ట్రం పోటీలకు పంపుతారు. ఇక పోటీకి వచ్చే ప్రతివాడి స్నేహితులకూ తెలుసు, మావాడి పట్టు విడిపించాలంటే ఎలా ఊదాలో.

కోచ్ నన్ను పిలిపించాడు. "ఓ నెల రోజులు రోజూ వచ్చి ఊదు భాయ్. ఈడు పట్టు ఒగ్గకూడదు. ఒగ్గితే వంద గుంజీలు. అలవాటు అదే పోతాది."

"పోతే?" అన్నాను. "రేపు బెర్తు కాడ తాడు బిగిసినప్పుడు నాను ఊదితే, ఈడు ఒగ్గకపోతే? ఆడి సేతి ఏళ్ళు నువ్వు కుట్టి పెడతావా, నీ బొంతల్లాగ?"

"ఒక్క నెల బావా" అన్నాడు మావాడు. ఆరేళ్ళలో నన్ను వాడు అడిగింది అదొక్కటే.

నా ఎడమ చెయ్యి వాడి మొహం ముందు పెట్టి, కుదరదని అరిచి వచ్చేశాను. ఆ రోజు నుంచి వాడు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేను తిని లేచాక వచ్చి తినేవాడు. పనిలో ఈలనే మార్చేద్దామని ఒక ఉదయం మూడు పొడుగు ఈలలు వేసి చూశాను. పన్నెండు మందిలో నలుగురి చేతులు ఆలస్యంగా వదిలాయి. వెంటనే పాత ఈలకే వచ్చేశాను. నా భార్య ఇదంతా చూసి, "ఆడి ఆట సెడగొట్టింది నువ్వు, దారి సూపించాల్సింది కూడా నువ్వే" అని తేల్చేసింది. కొట్లాటే వద్దన్న మనిషి!

దారేమీ తోచకే మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను, కోచ్‌తో తేల్చుకుందామని. మావాడు ఆ సమయానికి కర్రసాము మనిషితో నిలబడి కలబడుతున్నాడు. ఇద్దరి చేతులూ ఒకరి చంకల్లో ఒకరివి, అతను బలమంతా పెట్టి మావాణ్ణి తనవైపు గుంజుతున్నాడు. నాకూ కోచ్‌కీ మాట పెరిగింది. "ఈ అలవాటు పోయేది కాదు, సూడు, నీ కళ్ళతో సూడు" అని కోపంలో వేళ్ళు నోట్లో పెట్టి ఊదేశాను.

మావాడు వదిలేశాడు. గుంజుతున్నవాడికి అవతల బరువు ఒక్కసారి మాయమైంది. తన బలానికి తానే వెనక్కి ఎగిరి, వీపు మీద దభీమని పడ్డాడు. మావాడు రెండంగలు వెనక, ఒకటి పక్కన, చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాడు.

కోచ్ కళ్ళు పెద్దవయ్యాయి. "యా అల్లా" అన్నాడు మెల్లిగా. "మా తాత కాడ ఇరవై ఏళ్ళు పట్టులే నేర్సుకున్నాను భాయ్. ఒగ్గడం కూడా ఒక ఇద్యేనని నాకెవుడూ సెప్పలేదు."

తర్వాత మావాడు తనంతట తాను వదిలి చూశాడు. పని చెయ్యలేదు. వదలబోతున్నానని వాడి భుజం ముందే చెప్పేస్తోంది, అవతలివాడు సర్దుకుంటున్నాడు. ఈలకైతే అలా కాదు. "ఈడు ఒగ్గుతాడని ఈడికే తెల్దు, అవతలోడికేటి తెలుత్తాది?" అని కోచ్ గంతులేశాడు. ఇక మెడ బిగించడాలు మానిపించాడు. నిలబడి కలబడటం, ఈలకు వదలడం, పడ్డవాడి మీద పడటం. కోచ్ తానే ఊదేవాడు. నేను మాత్రం ఊదనన్నాను. నా ఈల తాడు కోసమే. ఆట కోసం ఇంకొక్కసారి ఊదనని భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆ రాత్రి వాడూ నేనూ కలిసే తిన్నాం.

పోటీ రోజు నా భార్య కూడా వచ్చింది. అదే హాలు, అదే పంజరం. కోచ్‌కు ఈల వెయ్యడం కుదరదన్నారు, పంజరం పక్క నిలబడేవాళ్ళు నోటిమాట తప్ప ఏదీ వాడకూడదట. మాకు దిగులు లేదు. ఊదేవాళ్ళు అవతల పక్క బోలెడుమంది ఉన్నారు. అవతలివాడు అనకాపల్లి వైపు కుస్తీ మనిషి, మెడ నా తొడంత ఉంది. మొదటి రౌండులో ఇద్దరూ కలబడగానే వాడి స్నేహితులు గుంపుగా ఊదారు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మావాడు వదిలాడు, ఆ పర్వతం వెల్లకిలా పడింది. హాలు ఘొల్లుమంది. వాళ్ళకు అర్థం కాక మళ్ళీ ఊదారు, మళ్ళీ పడ్డాడు. రెండో రౌండుకు వాళ్ళ కోచ్ గుంపు వైపు తిరిగి, "నోర్ముయ్యండెహె! ఒక్కడూదినా తంతాను!" అని అరిచాడు.

ఈలలు ఆగిపోయాయి. ఆ రౌండు మావాడు నలిగిపోయాడు. మూడో రౌండుకు ఊపిరి అందడం లేదు. కుస్తీ మనిషి వాణ్ణి జాలీకి అదిమి, నడుం పట్టి, పీకి నేలకు కొట్టబోతున్నాడు. కోచ్ నావైపు తిరిగి, ఊదమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఒట్టు ఒట్టే. ఓడితే ఓడతాడు.

అప్పుడు వాడి కుడి చెయ్యి కనపడింది. పడిపోకుండా ఆసరాకి వాడు వెనకనున్న జాలీని పట్టుకున్నాడు. రెండు వేళ్ళు జాలీ కన్నాల్లోకి దిగి ఉన్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు. రిఫరీ "జాలీ వదులు, జాలీ వదులు" అని అరుస్తున్నాడు, వాడికి వినపడటం లేదు. కుస్తీ మనిషి మోకాళ్ళు వంచాడు, గుంజడానికి. నాకు అక్కడ ఆటా లేదు, హాలూ లేదు. బిగుస్తున్న తాడు ఉంది, ఇనుము ఉంది, మధ్యలో రెండు వేళ్ళున్నాయి.

ఊదాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ ఊదలేదు.

వేళ్ళు జాలీ వదిలాయి. అదే క్షణంలో అవతలివాడు బలమంతా పెట్టి గుంజాడు. వెనక పట్టున్నదనుకున్న మనిషి తేలిగ్గా చేతుల్లోకి వచ్చేసేసరికి, తన ఊపుకు తానే తూలి వెనక్కి పడ్డాడు. మావాడు వాడి మీద పడ్డాడు. ఇక వల ఒడ్డుకు చేరినట్టే, కదలకుండా అదిమి పెట్టి ఉండిపోయాడు. గంట కొట్టారు.

నా భార్య చెయ్యి నా భుజం మీద పడింది. ఒట్టు తప్పావని అనలేదు. ఆవిడా ఆ చెయ్యినే చూసింది.

రిఫరీ ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టాడు. ముగ్గురు జడ్జీల చీటీలు చదివారు, నాకు చెవికెక్కలేదు. హాలు ఒక్కసారిగా లేచింది, కోచ్ పంజరంలోకి దూకాడు. రిఫరీ మావాడి కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. రెండు వేళ్ళ మీద తోలు లేచిపోయి నెత్తురు మోచేతి దాకా కారుతోంది. వాడు మాత్రం జనంలో నన్ను వెతుక్కుని, ఎందుకూదావని అడక్కుండా, నవ్వాడు.

"మావా, ఆడు గెలిసినాడు. ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావ్?" అంది నా భార్య, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఐదూ ఉన్నాయే" అన్నాను.